నా ల్యాప్‌టాప్‌లో పనిచేసింది.. ల్యాబ్‌లో ఆగిపోయింది! ఈ సమస్యకు డాకర్‌తో చెక్.. ఎలా మొదలుపెట్టాలంటే?

ఇంట్లో చక్కగా పనిచేసిన ప్రాజెక్టు.. సరిగ్గా వైవా రోజున కాలేజీ ల్యాబ్‌లో ఓపెన్ కాదు. కోడ్‌లో తప్పు లేకపోయినా మార్కులు పోతాయి. గుంటూరు అయినా, ఒంగోలు అయినా ఇంజినీరింగ్ విద్యార్థులకు ఈ తిప్పలు కొత్తేమీ కాదు. దీనికి పరిష్కారమే సాఫ్ట్‌వేర్ కంటైనర్.

అసలు సమస్య ఏంటి?

మిర్చి ధరలు చూపించే వెబ్‌సైట్ ఒకటి తయారు చేశారనుకుందాం. మీ ల్యాప్‌టాప్‌లో పైథాన్ 3.12 ఉంది. ల్యాబ్‌లో 3.8 ఉంది. కావాల్సిన లైబ్రరీలు కూడా అక్కడ లేవు. అంతే.. ఎర్రర్లు మొదలు! కంటైనర్ అయితే ప్రోగ్రామ్‌తో పాటు సరైన వెర్షన్, లైబ్రరీలు అన్నీ కలిపి ఒకే మూటగా వెళ్తాయి. ఆ మూటను ఇమేజ్ అంటారు. దాన్ని రన్ చేస్తే అదే కంటైనర్.

కోల్డ్ స్టోరేజీ లెక్కన చూస్తే..

కోల్డ్ స్టోరేజీలో ఎవరి మిర్చి టిక్కీలు వారివే. బిల్డింగ్, కూలింగ్ మాత్రం అందరికీ ఒక్కటే. కంటైనర్లూ అంతే.. విడివిడిగా ఉంటూనే ఒకే కెర్నల్‌ను వాడుకుంటాయి. వర్చువల్ మెషీన్ అంటే ప్రతి రైతూ సొంత కోల్డ్ స్టోరేజీ కట్టుకోవడమే. అందుకే అది బరువు, ఇది తేలిక. 2013లో వచ్చిన డాకర్ ఈ పద్ధతిని అందరికీ సులువు చేసింది.

ఇలా మొదలుపెట్టండి

* విండోస్ టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ నొక్కి వర్చువలైజేషన్ ఎనేబుల్ అయి ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లో ఆన్ చేయాలి.
* డాకర్ అధికారిక సైట్ నుంచి డాకర్ డెస్క్‌టాప్ దించుకోండి. సొంత వాడకానికి, చదువుకు ఉచితం. 8 జీబీ ర్యామ్ ఉంటే మంచిది.
* టెర్మినల్ తెరిచి 'డాకర్ రన్ హలో-వరల్డ్' అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి. పలకరింపు మెసేజ్ వస్తే మీ మొదటి కంటైనర్ నడిచినట్టే.

డేటా ప్యాక్ అయిపోతుందా?

హలో-వరల్డ్ చాలా చిన్నది. కానీ కొన్ని ఇమేజ్‌లు వందల ఎంబీలు ఉంటాయి. ఒకసారి దించుకుంటే మళ్లీ దించనక్కర్లేదు. 'డాకర్ సేవ్' కమాండ్‌తో ఇమేజ్‌ను ఫైల్‌గా మార్చి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. అవతల 'డాకర్ లోడ్' కొడితే చాలు, నెట్ అక్కర్లేదు. అయితే ఆ కంప్యూటర్‌లోనూ డాకర్ ఉండాలి. ల్యాబ్‌లో ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇది మర్చిపోతే అంతే సంగతులు!

కంటైనర్‌ను ఆపితే డేటా పోదు. కానీ డిలీట్ చేస్తే అందులో రాసుకున్నదంతా పోతుంది. అందుకే డేటాబేస్ లాంటివి 'వాల్యూమ్' అనే విడి చోట దాచుకోవాలి. వైవా ముందు రోజు కాదు.. మొదటి రోజే ఈ పని చేసుకోండి.