ఒత్తిడిని అరగదీసే బిళ్ళ

“ట్యాంకు నిండా నీళ్ళున్నాయి సార్, స్ప్రింక్లర్ మాత్రం తిరగదు. ఎందుకు?”

తిరుత్తణిలో ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు వేసిన ప్రశ్న ఇది. ఇంటి ముందు సెంటు జాగాలో లాన్ వేసుకున్నారట. మిద్దె మీది ట్యాంకు నుంచి పైపు దించి, కొసకు స్ప్రింక్లర్ బిగించారు. “ఫోర్సు చాలడం లేదు” అన్నాడు ప్లంబరు. ఆయన మాట నిజమే. అయితే ఆ ఫోర్సు ట్యాంకు నిండుదనంతో వచ్చేది కాదు, ఎత్తుతో వచ్చేది. 10 మీటర్ల ఎత్తు నీటికి దాదాపు 1 బార్ ఒత్తిడి. ఒక్క అంతస్తు ఇంటి మీది ట్యాంకులో నీటిమట్టం నేలకు 4 మీటర్ల పైన ఉంటుందనుకుంటే, మన చేతికొచ్చేది 0.4 బార్. ఎత్తుకు బలం లేదని కాదు. తిరుత్తణి ఉన్న జిల్లాలోనే ఉన్న పూండి జలాశయానికి కండలేరు నుంచి కృష్ణా నీళ్ళు 177 కిలోమీటర్లు వాలును నమ్ముకునే వస్తాయి. కాలువలో నీరు పారితే చాలు. స్ప్రింక్లర్‌లో నీరు ఎగరాలి. అక్కడే చిక్కు.

టక టకమని కొట్టుకుంటూ తిరిగే స్ప్రింక్లర్‌ను 1933లో కాలిఫోర్నియాలోని గ్లెండోరాలో ఆర్టన్ ఎంగిల్‌హార్ట్ అనే నారింజ రైతు తయారు చేశాడు. నాజిల్‌లోంచి దూకిన ధార ఒక చేతిని పక్కకు తోస్తుంది. స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ చేయి వచ్చి మొండేన్ని కొట్టగానే తల కాస్త తిరుగుతుంది. చేతిని తోయడానికి, ధారను తుంపరలు చేయడానికి, వాటిని దూరం విసరడానికి, మూడింటికీ ఖర్చయ్యేది ఒత్తిడే. మామూలుగా 2 బార్లకు తగ్గితే చేయి బద్ధకిస్తుంది, ధార చిట్లదు. నీరంతా ఒక వలయంలో పడి మధ్యలో గడ్డి ఎండిపోతుంది. 0.4 బార్‌తో దాన్ని తిప్పాలనుకోవడం అత్యాశే.

స్ప్రింక్లర్ ఒత్తిడిని ఖర్చు పెట్టి బతికితే, దాని ప్రత్యర్థి, నీటిని బొట్టు బొట్టుగా వదిలే డ్రిప్పర్, ఒత్తిడిని చంపి బతుకుతుంది. నాకు ఇష్టమైన యంత్రం ఇదే. కదిలే భాగం ఒక్కటీ లేకుండా గోరంత ప్లాస్టిక్ బిళ్ళ ఇంత పని చేయడం చూస్తే ముచ్చటేస్తుంది.

వార్సాలో పుట్టిన ఇంజనీరు సిమ్హా బ్లాస్ 1930లలో ఇప్పటి ఇజ్రాయెల్ ప్రాంతంలో ఒక చెట్టును గమనించాడు. కంచె వెంట ఉన్న చెట్లన్నిటిలో అదొక్కటే ఏపుగా పెరిగింది. తవ్వి చూస్తే పక్కనే పైపు కారుతోంది. బొట్టు బొట్టుగా అందిన నీరే దాన్ని పెంచింది. పైపుకు సన్న బెజ్జం పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 1 బార్ దగ్గర గంటకు 2 లీటర్లే రావాలంటే బెజ్జం 0.3 మిల్లీమీటర్లకు మించకూడదు. ఒక్క ఇసుక రేణువు చాలు దాన్ని మూసేయడానికి. దారి వెడల్పుగా ఉండాలి, నీరు మాత్రం కొద్దిగానే రావాలి. ఈ రెండూ ఎలా పొసగుతాయి?

బ్లాస్ జవాబు: దారిని పొడుగు చేయి. సన్నని గొట్టాన్ని చుట్టలు చుట్టి, నీరు గోడలకు రాసుకుంటూ అలసిపోయేలా చేశాడు. తర్వాతి డ్రిప్పర్లలో దారికి రెండు వైపులా పళ్ళు వచ్చాయి. నీరు ప్రతి పన్ను దగ్గరా మలుపు తిరుగుతుంది, సుడి పడుతుంది, కొంత ఒత్తిడి పోగొట్టుకుంటుంది. పోయిన ఒత్తిడి వేడిగా మారుతుంది. 1 బార్ మొత్తం హరించుకుపోయినా నీరు వేడెక్కేది డిగ్రీలో నలభయ్యో వంతే. దారి వెడల్పు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది కనుక నలుసులు దాటిపోతాయి. సుడులు వాటిని అడుగున పేరుకోనివ్వవు.

పళ్ళ దారికి ఇంకో గుణం ఉంది. నునుపైన చుట్ట గొట్టంలో ఒత్తిడి సగమైతే నీరూ సగమే. పళ్ళ దారిలో నీరు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది, అంటే ఒత్తిడి సగమైనా 70 శాతం నీరు వస్తుంది. శివలింగం పైన వేలాడే ధారాపాత్ర బెజ్జానిదీ ఇదే సూత్రం. పాత్రలో నీటిమట్టం నాలుగో వంతుకు దిగితే ధార సగమవుతుంది, నాలుగో వంతు కాదు. ఈ కాస్త తేడా కూడా లేకుండా చేసినవాడు రఫీ మెహుదార్. ఆయన డ్రిప్పర్‌లో పల్చని రబ్బరు పొర ఉంటుంది. ఒత్తిడి పెరిగే కొద్దీ పొర వంగి, నీరు బయటికి పోయే సందును ఇరుకు చేస్తుంది. తోపు పెరిగినా దారి సన్నబడుతుంది కాబట్టి బొట్లు మారవు.

ఇప్పుడు ఆ సెంటు లాన్ సంగతి. సెంటంటే 40 చదరపు మీటర్లు. గడ్డి కింద జానెడు లోపలే, అడుగుకొక వరుస చొప్పున డ్రిప్ పైపు పూడ్చి, అడుగుకొక డ్రిప్పర్ పెడితే సుమారు 440 డ్రిప్పర్లు. 1 బార్ దగ్గర గంటకు 2 లీటర్లిచ్చే పళ్ళ డ్రిప్పర్ 0.4 బార్ దగ్గర 1.26 లీటర్లిస్తుంది. మొత్తం గంటకు 550 లీటర్ల పైమాటే, అంటే 14 మిల్లీమీటర్ల వాన. తిరుత్తణి ఎండలకు కూడా రోజూ అరగంట చాలు. ఒత్తిడి తగ్గితే కొళాయి ఇంకాసేపు తెరిచి ఉంచాలి, అంతే.

అసలు శత్రువు ఒత్తిడి తక్కువ కావడం కాదు, వరుసకూ వరుసకూ తేడా రావడం. ఆ తేడా పుట్టేది పైపులో. 15 మిల్లీమీటర్ల బోలు ఉన్న పైపులో గంటకు 550 లీటర్లు 20 మీటర్లు నడిస్తే, చేతిలో ఉన్న 4 మీటర్ల ఎత్తులో దాదాపు ఒకటిన్నర మీటరు రాపిడికే పోతుంది. లాన్‌ను రెండు భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక వాల్వు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి తెరిస్తే నష్టం అర మీటరు లోపే. మొత్తం ఒకేసారి తడపాలంటే అంగుళం పైపు వేయండి, నష్టం 20 సెంటీమీటర్లకు మించదు. ఫిల్టరు కూడా పెద్దదే కొనాలి, తరచూ కడగాలి.

డ్రిప్పర్ తర్వాతి చరిత్ర క్లుప్తంగా ఇది. 1965లో ఇజ్రాయెల్‌లోని హత్సెరిమ్ అనే కిబుట్జ్‌లో (సామూహిక గ్రామంలో) డ్రిప్పర్లు చేసే నెటాఫిమ్ కంపెనీ పుట్టింది. జల్గావ్ నుంచి జైన్ సంస్థ డ్రిప్‌ను మన పొలాల్లోకి తెచ్చింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. ఎంఐటీ పరిశోధకులు 0.15 బార్‌కే పని మొదలుపెట్టే పొర డ్రిప్పర్‌ను రూపొందించారు.

అయితే బజారులో మామూలుగా దొరికే పొర డ్రిప్పర్లలో చాలావాటికి కనీసం 0.5 నుంచి 1 బార్ కావాలి. మిద్దె ట్యాంకు 0.4 బార్‌కు ఆ పొర సరిగా వంగదు, పెట్టిన అదనపు డబ్బు దండగ. కాబట్టి కొనే ముందు కంపెనీ కాగితంలో కనీస ఒత్తిడి ఎంతో చూడండి. మీ ట్యాంకు ఎత్తు దానికి చాలకపోతే పళ్ళ దారి ఉన్న చవక డ్రిప్పరే మీకు మేలు.