ముందు సొమ్ము, తరువాత సరుకు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ హాస్టళ్లలో సర్క్యూట్లు కట్టే సరదా ఉన్నవారికి, స్కాలర్‌షిప్ సొమ్ము కలిపి ఏదైనా విదేశీ ఓపెన్‌సోర్స్ పరికరానికి ఇంటర్నెట్‌లో చందా కట్టాలనిపించడం సహజం. కట్టేముందు కొంచెం ఆలోచించాలి.

2009లో మొదలైన కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరితేనే మన సొమ్ము తీసుకుంటారు. కాని ఇది కొనుగోలు కాదు. వస్తువు వస్తుందన్న హామీ లేదు. సుమారు 9 శాతం పథకాలు ఇస్తామన్నవి ఇవ్వలేదని 2015లో ఈథన్ మాలిక్ అనే అమెరికా ఆచార్యుని అధ్యయనంలో తేలింది. అదే ఏడాది 9 డాలర్ల ‘చిప్’ కంప్యూటర్‌కు 20 లక్షల డాలర్లు పోగయ్యాయి. 2018లో ఆ సంస్థ మూతపడింది.

ఓపెన్‌సోర్స్ అంటే సర్క్యూట్ పటాన్నీ, ప్రోగ్రామునూ అందరికీ ఇవ్వడం. సంస్థ పోయినా అవి మిగులుతాయి. కనుక మూడు ప్రశ్నలు వేసుకోవాలి:

1. పటాలు ఇప్పటికే బయటపెట్టారా, తరువాత పెడతామంటున్నారా?
2. అందులోని ముఖ్యమైన చిప్ విడిగా దొరుకుతుందా? దొరక్కపోతే పటం వట్టి కాగితమే.
3. తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపితే ఎంతవుతుంది?

పటమూ, భాగాలూ రెండూ దొరికితే చందా ఎందుకు? కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి భాగాలు తెచ్చుకుని మనమే కట్టవచ్చు. పని కూడా వస్తుంది. దొరక్కపోతే, పోయినా పుస్తకాలకు లోటు రానంత సొమ్మే కట్టండి.