కణుతికి సరైన పేరు, చికిత్సకు సరైన దారి

యంత్రంలో దోషమెక్కడో తేలనిదే మరమ్మతుకు పూనుకోరాదన్నది మా ఇంజనీరులకు తొలి పాఠం. వైద్యంలో ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ న్యూరో ఎండోక్రైన్ కణుతులు. హిందీ నటుడు ఇర్ఫాన్ ఖాన్ 2018లో తనకు వచ్చిన వ్యాధి ఇదేనని ప్రకటించినపుడు ఈ పేరు దేశమంతటా వినబడింది.

‘న్యూరో’ అన్నంత మాత్రాన ఇది మెదడు జబ్బు కాదు. నాడీకణాల లక్షణాలూ, హార్మోనులను స్రవించే గుణమూ కలిగిన కణాలు జీర్ణనాళంలోను, క్లోమంలోను, ఊపిరితిత్తులలోను చెదురుమదురుగా ఉంటాయి. వాటినుండి పుట్టే కణుతులివి. 1907లో జర్మన్ వైద్యుడు ఒబెర్న్‌డార్ఫర్ వీటికి ‘కార్సినాయిడ్’, అనగా క్యాన్సరును పోలినది, అని పేరు పెట్టాడు. ఇవి నిరపాయకరమని తొలుత భావించిన ఆయనే, 1929లో ఇవి ప్రాణాంతకం కూడా కాగలవని వెల్లడించాడు.

వీటిని గుర్తించడం సులభం కాదు. కొందరిలో ఏ లక్షణమూ కానరాదు. మరికొందరిలో తరచు విరేచనాలు, ముఖం ఎర్రబారి వేడెక్కడం, ఆయాసం కలుగుతాయి. అజీర్తి అనో, ఉబ్బసమనో ఏళ్లు గడిచిపోవడం కద్దు.

నిర్ధారణకు బయాప్సీ తప్పనిసరి. ముక్కలో క్రోమోగ్రానిన్, సినాప్టోఫైసిన్ అనే ప్రోటీనులున్నవో లేవో చూచి కణాల జాతిని నిర్ణయిస్తారు. పిదప విభజన వేగాన్ని కొలుస్తారు. విభజన దశలోని కణాలకు ‘కి-67’ పరీక్షలో రంగు పట్టుతుంది. జీర్ణమండల కణుతులలో అట్టివి 3 శాతం లోపైతే మొదటి శ్రేణి, 3 నుండి 20 వరకు రెండవది, 20 దాటితే మూడవది. కనీసం 500 కణాలు లెక్కించాలన్నది నియమం. అందులో 14 కణాలకు రంగు పట్టితే 2.8 శాతం; 16 కణాలకైతే 3.2 శాతం. రెండు కణాల తేడాతో శ్రేణి మారుతున్నది! కనుకనే కంటి అంచనా చాలదు.

అంకె ఒక్కటీ కూడా చాలదు. 20 శాతం దాటినవన్నీ ఒకే ఉగ్రజాతి అని 2010 వర్గీకరణ భావించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో క్లోమానికీ, 2019లో జీర్ణమండలమంతటికీ దీనిని సవరించింది. కణాలు సహజరూపాన్ని నిలుపుకొంటే మూడవ శ్రేణి కణుతి. రూపం చెడితే కార్సినోమా. రెండవదానికి సాధారణంగా సిస్‌ప్లాటిన్ వంటి తీవ్ర కీమోథెరపీ వాడతారు. మొదటిదానికి దారి తరచు వేరు. పేరు తప్పితే మందే తప్పుతుంది.

మన ద్వీపవాసులకు ఇక్కడ ఒక సదుపాయం, ఒక పరిమితి ఉన్నాయి. చెన్నై, విశాఖ మనకు ఇంచుమించు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడలో సుమారు మూడు రోజులు. అయితే బయాప్సీ ముక్కను పొదిగిన మైనపు దిమ్మ ఏళ్ల తరబడి చెడదు. రోగి కదలకుండానే అది పెద్ద ఆసుపత్రికి చేరి, రెండవ అభిప్రాయం తేగలదు. శరీరంలో కణుతి ఎక్కడెక్కడ ఉన్నదో చూపే పెట్ స్కానుకు వాడే గాలియం-68 సంగతి వేరు. దాని అర్ధాయువు 68 నిమిషాలే. రెండు గంటల విమానయానంలోనే మూడోవంతైనా మిగలదు. కనుక ఆ మూలకాన్ని తయారుచేసి, స్కాను తీసే చోటికి రోగియే వెళ్లాలి.

డిగ్లీపూర్ మొదలు క్యాంప్‌బెల్ బే వరకు గల మన కుటుంబాలకు మా మనవి ఇదే. బయాప్సీ ముక్కను ఆలస్యం లేకుండా ఫార్మలిన్‌లో ఉంచారో లేదో విచారించండి. నివేదికలో కణుతి పుట్టినచోటు, కణరూపం, కి-67 శాతం మూడూ ఉన్నవో లేవో చూడండి. దిమ్మనూ, గాజుపలకలనూ భద్రపరచమని కోరండి. ఓడ టిక్కెట్టుకన్న ముందు ఆ దిమ్మను పంపితే, ప్రయాణం ఎక్కడికో, ఎందుకో తేటతెల్లమవుతుంది.