ఉద్యోగార్థి – యక్షప్రశ్నలు



మా తణుకు ప్రాంతమున ఏ యింటి అరుగుమీద కూర్చున్నను తరచుగా వినవచ్చు మాట యొకటి గలదు: "మావాడు రాతపరీక్షలో నెగ్గినాడండీ, ఇంటర్వ్యూలో పోయినాడు." ఆ మాట వెనుక అరయెకరము అమ్మిన తండ్రి దుఃఖముండును, నలుగురిలో తలయెత్తలేని పిల్లవాని సిగ్గుండును. ఈ ఇంటర్వ్యూ యనగానేమి, అందలి కఠినప్రశ్నలకు పిల్లవాడు సిద్ధపడుటెట్లు, మనబోటి వృద్ధులు చేయదగిన సాయమేమి యను మూడు సంగతులను నేడు మనవి చేసెదను. నేను ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనై బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఈ విషయమున నాకు తెలిసినదానిలో సగము శిష్యులవలన తెలిసినది. తక్కిన సగము నేను చేసిన యొక తప్పువలన తెలిసినది. ఆ తప్పును దాచక చెప్పెదను.

అరణ్యపర్వములోని యక్షప్రశ్నల కథ మీరెల్లరు ఎరిగినదే. నలుగురు తమ్ములును సమర్థులే. కాని అడిగినవానిని లక్ష్యపెట్టక నీరు త్రాగి కూలిరి. ధర్మరాజు నిలిచి, విని, ఉత్తరములు చెప్పెను. అంతతో యక్షుడు విడువలేదు. ఒక్క తమ్ముని బ్రదికింతును, ఎవని కోరుదువని యడిగెను. ధర్మరాజు భీమార్జునులను గాక నకులుని కోరెను. కుంతికి తానుండగా మాద్రికిని ఒక కొడుకు మిగులవలెనని ఆయన తలంపు. తొల్లిటి ప్రశ్నలు ఆయన చదువును పరీక్షించినవి. ఈ తుదిప్రశ్న మనిషిని పరీక్షించినది. నేటి ఇంటర్వ్యూలలోని కఠినప్రశ్నలు ఈ తుదిప్రశ్న జాతికి చెందినవి.

మన దేశమున ఇట్టి పరీక్షలలో పేరెన్నికగన్నది ఢిల్లీలో యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారు జరుపు సివిల్ సర్వీసు పరీక్ష. అందు రాతకు 1750 మార్కులు, ముఖాముఖికి 275 మార్కులు, వెరసి 2025. ముఖాముఖిని వారు వ్యక్తిత్వపరీక్ష యందురు. అది న్యాయవాది సాక్షిని గుచ్చిగుచ్చి యడుగుట వంటిది కాదనియు, అభ్యర్థి మనస్సు తీరును వెల్లడించు సహజ సంభాషణమనియు వారే తమ ప్రకటనలో తెలుపుదురు. ఇంగ్లీషు రానివానికి అచ్చట చోటులేదనుకొనుట పొరపాటు. శ్రీకాకుళం జిల్లా పలాస మండలములోని పారసాంబ గ్రామమునుండి వచ్చిన రోణంకి గోపాలకృష్ణగారు బడిపంతులుగా పనిచేయుచు, తెలుగుననే పరీక్ష వ్రాసి, తెలుగుననే ముఖాముఖి నడిపి, 2016వ సంవత్సరపు పరీక్షలో దేశమునకెల్ల మూడవవారుగా నిలిచిరి.

ఇచ్చట మీకొక హెచ్చరిక. కేంద్రప్రభుత్వపు క్రిందితరగతి ఉద్యోగములకు 2016 జనవరి 1వ తేదీనుండి ఇంటర్వ్యూలే లేవు. అట్టి ఉద్యోగమునకు "ఇంటర్వ్యూలో చెప్పి గట్టెక్కించెదను, ఇంత సొమ్మిండు" అని ఎవడైన మీ గుమ్మమెక్కినచో వాడు మోసగాడని నిశ్చయించుకొనుడు.

ఇక నా తప్పు. కొల్లేటి అంచు గ్రామమువాడొకడు తణుకులో బంధువులయింట నుండి నావద్ద చదువుకొనెను. బుద్ధిమంతుడు. కొల్లేరును 1999లో వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో అయిదవ కాంటూరు లోపలి చేపలచెరువుల గట్లను ప్రభుత్వమువారు తెగగొట్టించిరి. వాని తండ్రి చెరువును అందులో పోయినది, అప్పు మిగిలినది. పిల్లవాడు డిగ్రీ ముగించియు మూడేండ్లు పరుల చెరువులమీద కూలికి మేత మోసెను. ఆ పిమ్మట ఒక కంపెనీనుండి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినది. "మాస్టారూ, ఈ మూడేళ్లు ఏం చేశావని అడిగితే ఏమి చెప్పను?" అని నన్నడిగెను. నేను పరువునకు బోయి, "పై పరీక్షలకు చదువుచుంటినని చెప్పుము" అంటిని.

వాడట్లే చెప్పెను. ఏ పరీక్షకు చదివితివని అడిగిరి; ఏదో చెప్పెను. ఏ పుస్తకములు చదివితివని అడిగిరి; తడబడెను. ఎన్ని మార్కులు వచ్చినవని అడుగగా తల వంచుకొనెను. ఉద్యోగము రాలేదు. వాడు నన్నొక్కమాట అనలేదు. కాని సంవత్సరముపాటు మా గుమ్మము త్రొక్కలేదు.

మరుసటియేట మరియొకచోట అదే ప్రశ్న వచ్చినది. ఈమారు వాడు నన్ను సలహా అడుగలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పెను. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచినచో నీటిలో ప్రాణవాయువు తగ్గినదని గుర్తెరుగుట, మేత లెక్క వ్రాయుట, కూలీల వంతులు సర్దుట ఆ మూడేండ్లలో నేర్చితినని చెప్పెను. అప్పుడొక పెద్దమనిషి, "మీరే అధికారియై యుండినచో మీ నాయనగారి చెరువు గట్టు తెగగొట్టించెడివారా?" అని అడిగెనట. చూచితిరా, ఇదియే యక్షుని తుదిప్రశ్న! వాడు కొంచెముసేపూరకుండి, "చట్టము అందరికి ఒక్కటే కనుక కొట్టించెడివాడనండీ. కాని ముందుగా ఇంటింటికి పోయి చెప్పి, బ్రదుకుతెరువు చూపి, ఆ పిమ్మట కొట్టించెడివాడను" అనెను. వానికి ఆ కొలువు దొరికినది. వార్త చెప్పుటకు మా యింటికి వచ్చినప్పుడు నేనే వానిని క్షమాపణ కోరితిని.

దీనినిబట్టి నేను గ్రహించినవి నాలుగు సంగతులు.

మొదటిది, ప్రశ్నలు పుట్టుచోటు. అభ్యర్థి తన దరఖాస్తులో వ్రాసిన ప్రతి మాటనుండియు ఒక ప్రశ్న పుట్టును. తణుకని వ్రాసినవానిని ధవళేశ్వరపు ఆనకట్టను గూర్చియు, దాని కాలువలను గూర్చియు అడుగవచ్చును. అది 1852 నాటికి కాటన్ దొర ఆధ్వర్యమున పూర్తియైనదని వాడెరిగి యుండవలెను. తాడేపల్లిగూడెములో ఇంజనీరింగు చదివినవానిని, ఆ చదువు విడిచి ఈ కొలువేల కోరితివని అడుగకమానరు.

రెండవది, "మిమ్ము గూర్చి చెప్పుడు" అను ప్రశ్న. తేలికగా తోచును, చిక్కు దీనిలోనే యున్నది. వంశవృక్షము విప్పరాదు. ఏమి చదివితిని, ఏమి చేసితిని, ఈ పనికేల తగుదును అను మూడును రెండు నిమిషములలో ముగియవలెను.

మూడవది, "మీ లోపమేమి?" అను ప్రశ్న. "ఎక్కువగా కష్టపడుటయే నా లోపము" అనువానిని చూచి అడిగినవారు లోలోపల నవ్వుకొందురు. నిజమైన లోపమొకటి చెప్పి, దానిని దిద్దుకొనుటకు చేయుచున్న పనిని చెప్పవలెను. తెలియనిదానికి "తెలియదండీ" అనుటకు సిగ్గుపడరాదు. ఒక్కమారు తెలియదన్నవాని తక్కిన మాటలన్నియు నమ్మదగినవగును.

నాలుగవది, "కష్టము వచ్చినప్పుడేమి చేసితివి?" అను ప్రశ్న. కంపెనీలవారికి దీనియందు మక్కువ యెక్కువ. చేసినదానినిబట్టి చేయబోవుదానిని ఊహింతురు. దీనికి సందర్భము, తన కర్తవ్యము, తాను చేసినది, ఫలము అను వరుసలో చెప్పవలెను. కుప్పనూర్పుల వేళ వాన ముంచుకొని వచ్చినది. కళ్లములోని ధాన్యమును కాపాడు భారము నామీద పడినది. ప్రక్క పొలమువారినుండి బరకాలు తెచ్చి నలుగురిని పిలిచి కప్పించితిని. పది బస్తాలు తడిసినవి, తక్కినవి దక్కినవి. ఇంతియే. తడిసిన పది బస్తాలను దాచకుండుటలోనే ఈ జవాబునకు బలమున్నది.

ఇక మన వంతు. సాయంకాలము పిల్లవానిని అరుగుమీద కూర్చుండబెట్టి దినమునకు అయిదు ప్రశ్నలు అడుగుడు. వాడు చెప్పుచుండగా అడ్డుపడకుడు. ప్రతి జవాబునకును "ఏల?" అని ఒకమారు, మరల ఒకమారు అడుగుడు; కంఠపాఠము రెండవ "ఏల" వద్ద ఆగిపోవును, తెలిసిన మాట సాగును. అభిమానము గల తాతకంటె మొగమాటము లేని పొరుగాయన మేలైన పరీక్షకుడు; ఆయననుగూడ పిలువుడు. మొదట తెలుగున చెప్పించుడు; తెలుగున తేటపడిన పిమ్మట ఇంగ్లీషున చెప్పించుడు. కిష్కింధలో హనుమంతుని తొలిపలుకులు విని శ్రీరాముడు మెచ్చుకొన్నది తొందరయు సాగదీతయు లేని ఆ మాటతీరునే గదా.

ఒక్కపని మాత్రము చేయకుడు. జవాబులు మీరు వ్రాసి వానిచేత వల్లింపజేయకుడు. వాని జీవితమున మీకు సిగ్గుగా తోచినదే వానికి బలము కావచ్చును. మేత మోసిన మూడేండ్లను నేను మచ్చ యనుకొంటిని. వానికి కొలువు నిప్పించినవి ఆ మూడేండ్లే.

సెలవు.