దోమ దేహరహస్యం – పుదుచ్చేరి పాఠం

దీపం ఆర్పి కన్ను మూయగానే చెవి దగ్గర సన్నని రొద మొదలవుతుంది. చప్పున అరచేయి విసురుతాము. మన చెంపకు దెబ్బ తగులుతుంది గాని దోమ మాత్రం దొరకదు. ఇంత అల్పప్రాణి చేతిలో మనిషి ఓడిపోవడానికి కారణం దాని దేహనిర్మాణంలోనే ఉన్నది. దానిని ఓడించే ఉపాయం కూడా ఆ నిర్మాణంలోనే దాగి ఉన్నది. ఈ రెండు సత్యాలను స్వానుభవంతో తెలుసుకున్న ఊరు పుదుచ్చేరి.

రెక్కల మర్మం

మన ఇళ్లలో రాత్రివేళ బాధించే దోమలలో అధికభాగం క్యూలెక్స్ జాతికి చెందినవి. మనకు వినిపించే రొద దాని నోటినుండి వచ్చేది కాదు. అది రెక్కల కదలిక. దోమ రెక్కలు సెకనుకు కొన్ని వందల సార్లు, మగదోమలలో 800 సార్లకు పైగా కూడా ఆడుతాయి. తేనెటీగ తన రెక్కను సుమారు 90 డిగ్రీల మేర ఊపుతుంది. దోమ ఊపేది అందులో సగం కూడా ఉండదు. ఇంత చిన్న ఊపుతో అది గాలిలో ఎలా నిలుస్తున్నదన్న ప్రశ్నకు 2017లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధన సమాధానం చెప్పింది. దోమ ప్రతి ఊపు చివర రెక్కను చురుకుగా మెలితిప్పుతుంది. అంతకు ముందరి ఊపు గాలిలో రేపిన సుడిలోని శక్తిని కూడా తిరిగి అందుకొని వాడుకుంటుంది. తాను ఖర్చు చేసిన దానిలో కొంత తానే రాబట్టుకునే ఈ పొదుపరితనం ఏ యంత్రశాలకైనా ఆదర్శప్రాయమే.

ఆ రొద మనకు చిరాకు. మగదోమకు అదే పిలుపు. మగదోమ తలపై కుచ్చులా ఉండే స్పర్శశృంగాల మొదట్లో జాన్‌స్టన్ అవయవమనే చెవి ఉంటుంది. 1855లో దానిని వర్ణించిన అమెరికన్ వైద్యుని పేరే దానికి నిలిచింది. గసగసాల గింజకంటె చిన్నదైన ఆ చెవిలో వేలాది జ్ఞానకణాలు ఉన్నాయి. ఆడ, మగ క్యూలెక్స్ దోమలు దగ్గరైనప్పుడు తమ రెక్కల శ్రుతిని పరస్పరం సవరించుకుంటాయని 2009లో ప్రచురితమైన ప్రయోగాలు తెలిపాయి.

ఇంతటి చెవి ఉన్నది గదా, ధ్వనితోనే దోమను తరిమివేయవచ్చునని కొందరు యంత్రాలు అమ్ముతారు. అటువంటి పరికరాలపై జరిగిన 10 క్షేత్రప్రయోగాలను 2007లో ఒక సమీక్ష పరిశీలించింది. ఏ ఒక్కదానిలోనూ దోమకాట్లు తగ్గిన దాఖలా కనిపించలేదు.

శ్వాసను పసిగట్టే శత్రువు

రక్తం తాగేది ఆడదోమ మాత్రమే. గుడ్లు పెరగడానికి దానికి మాంసకృత్తులు కావాలి. మనం విడిచే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును నోటి పక్కనున్న స్పర్శాంగాలతో అది దూరం నుండే పసిగడుతుంది. దగ్గరయ్యేకొద్దీ చెమట వాసన, ఒంటి వేడి, తేమ దానికి దారి చూపుతాయి. ఊపిరి తీయకుండా, వేడి లేకుండా ఎవరుండగలరు? కనుక పెరిగి రెక్కలు వచ్చిన దోమనుండి పూర్తిగా దాగడం మనవల్ల అయ్యే పని కాదు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉన్నది. బోదవ్యాధికి కారణమైన సూక్ష్మక్రిములు రోగి రక్తంలో పగలు లోపలి అవయవాలలో దాగి, రాత్రి సుమారు 10 గంటల నుండి 2 గంటల మధ్య చర్మం దగ్గరి రక్తనాళాలలో అధికంగా తిరుగుతాయి. క్యూలెక్స్ దోమ విరివిగా కుట్టేది కూడా రాత్రివేళనే. ఈ రెండింటి కలయిక ఫలితమే ఏనుగు పాదంలా వాచిన కాళ్లు, పనికి వెళ్లలేని బ్రతుకులు, పదిమందిలోకి రాలేని సిగ్గు.

ఊపిరి గొట్టమే ఆయువుపట్టు

అయితే ఈ నేర్పరికి ఒక దుర్బలమైన దశ ఉన్నది. లార్వాగా ఉన్నప్పుడు అది నీటిలో తలక్రిందులుగా వ్రేలాడుతూ, తోక దగ్గరి సన్నని గొట్టాన్ని నీటిపైకి ఆనించి గాలి పీల్చుకుంటుంది. నీటిపై నూనె పొరో, తేలే పాలిస్టైరీన్ పూసల పొరో అడ్డుపడితే దానికి ఊపిరి అందదు. అసలు నీరే లేకుంటే దానికి ఉనికే లేదు. వెచ్చని వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ గడువే మనకు దొరికిన అవకాశం.

ఈ అవకాశాన్ని ఒక పట్టణమంతటా పరీక్షించిన ఘనత పుదుచ్చేరిది. భారత వైద్య పరిశోధన మండలి 1975లో నాటి పాండిచ్చేరిలో కీటకవాహక నియంత్రణ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. డాక్టర్ పి.కె. రాజగోపాలన్ సారథ్యంలో ఆ కేంద్రం 1981 నుండి 1985 వరకు అయిదేళ్లపాటు పట్టణంలో సమగ్ర దోమల నియంత్రణ చేపట్టింది. కేవలం మందు చల్లడంతో సరిపెట్టక, దోమలు పుట్టే తావులను సరిచేయడం, జీవసంబంధమైన పద్ధతులు, అవసరమైనచోట రసాయనాలు, ఇలా మూడింటినీ జోడించింది. దోమలు తగ్గాయి; పసిపిల్లలలో బోదక్రిములు సోకడమూ తగ్గింది.

కథ అక్కడితో ముగియలేదు. ఆ అయిదేళ్ల కృషి ఆగిన తరువాత దోమల సంఖ్య మళ్లీ పెరిగింది. ఆ పెరుగుదల వ్యాధి వ్యాప్తిపై చూపిన ప్రభావాన్ని అదే కేంద్రపు శాస్త్రవేత్తలు 1992లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. తమ విజయాన్ని చెప్పినంత నిజాయితీగా దాని తరువాతి కథను కూడా నమోదు చేయడం వారి గొప్పతనం. గెలుపు ఎంత నిజమో, చేయి విడిస్తే అది జారిపోవడమూ అంతే నిజమని పుదుచ్చేరి మనకు చూపింది.

ఇదే మన కార్మికవాడలకు వర్తించే పాఠం. యంత్రానికి నిర్ణీత కాలంలో మరమ్మతు ఎలా తప్పదో, ఇంటి చుట్టూ నీటి పరిశీలన కూడా అలాగే తప్పదు. వారానికి ఒక రోజు, ఒక్క అరగంట చాలు. కూలరు అడుగున నిలిచిన నీటిని పారబోయండి. మురుగుకాలువలో అడ్డుపడిన చెత్తను తీయించండి. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి వల కట్టించండి. పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లి, నీటిపై ఊపిరి కోసం వ్రేలాడే ఆ లార్వాలను చూపించండి. ఒకసారి కళ్లారా చూసిన బిడ్డ ఆ పాఠాన్ని జన్మలో మరువడు. అర్ధరాత్రి అరచేతితో చేసే యుద్ధంకంటె పట్టపగలు చేసే ఈ చిన్న పని ఎన్నో రెట్లు మేలు.