మీకు తెలుసా? ఊరంతా ఇమిడిన మ్యూజియం

న్యూయార్క్‌లో ఏడో నంబరు రైలెక్కి ఫ్లషింగ్ వైపు వెళ్తుంటే స్టేషన్ స్టేషన్‌కీ పెట్టెలో వినిపించే భాష మారిపోతుంటుంది. స్పానిష్, బెంగాలీ, నేపాలీ, కొరియన్, చైనీస్... ఆఖరి స్టేషన్లో దిగి వినాయకుడి గుడికి వెళ్లే మన తెలుగువాళ్లూ అందులోనే ఉంటారు. గుడికి ఇవతలే, ఫ్లషింగ్ మెడోస్ పార్కులో క్వీన్స్ మ్యూజియం ఉంది. దాదాపు 24 లక్షల మంది ఉన్న క్వీన్స్ బరో (నగర విభాగం)లో సగానికి దగ్గరగా వేరే దేశాల్లో పుట్టినవాళ్లే. అలాంటి చోట ఒక సమకాలీన కళల మ్యూజియం ఎవరికి, ఎలా పనికొస్తుంది?

• మ్యూజియం ఉన్న నేల ఒకప్పుడు బొగ్గు బూడిద కుప్పలు పోసిన చోటు. 1939 ప్రపంచ ప్రదర్శన కోసం అక్కడ ఇప్పటి మ్యూజియం భవనం కట్టారు. 1972లో మ్యూజియం వచ్చింది. చాలా ఏళ్లు ఒక సగంలో కళాఖండాలు, రెండో సగంలో మంచు మీద స్కేటింగ్. 2013లో ఆ సగం కూడా మ్యూజియంకే దక్కింది.

• 1946 నుంచి 1950 దాకా ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ కూర్చున్నది ఈ భవనంలోనే! యూనిసెఫ్ పుట్టిందీ, పాలస్తీనా విభజనకు ఓటేసిందీ ఇక్కడే. మనం గుర్తుపెట్టుకోవాల్సిన రోజు మాత్రం 1946 డిసెంబరు 8. దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద చూపుతున్న వివక్షను విజయలక్ష్మీ పండిట్ బృందం సభ ముందుకు తెచ్చింది. భారత్‌కు అప్పటికింకా స్వాతంత్ర్యమే రాలేదు. అయినా 32 ఓట్లు అనుకూలంగా, 15 వ్యతిరేకంగా పడి, మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానం నెగ్గింది. దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకు కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగు జిల్లాల వాళ్లూ ఉన్నారు. వాళ్ల బిడ్డల గోడు ప్రపంచం విన్న చోట ఇవాళ కొత్తగా వలస వచ్చినవాళ్ల బొమ్మలు వేలాడుతున్నాయంటే, ఆ గోడలకు అంతకన్నా తగిన పని ఉంటుందని నేననుకోను.

• మ్యూజియం లోపల న్యూయార్క్ నగరం మొత్తం ఉంది. 1964 ప్రపంచ ప్రదర్శన కోసం వందమందికి పైగా పనివాళ్లు మూడేళ్లపాటు చేసిన నమూనా అది. వంద అడుగులను ఒక అంగుళానికి కుదించారు. అయిదు బరోలు, 8,95,000 భవనాలు. అంతటి ఎంపైర్ స్టేట్ భవనం కూడా ఇందులో మూరెడు ఉండదు. చూడవచ్చినవాళ్లు ఆకాశహర్మ్యాల కన్నా ముందు తమ వీధి కోసం వెతుక్కుంటారు. అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికైనా ఈ ఊళ్లో తనకంటూ ఒక గడప ఉందని కంటికి కనబడటం చిన్న విషయం కాదు.

• ఇక్కడ కళ అంటే చెయ్యి కలపడం కూడా. మిర్లే లాడర్‌మన్ యూకెలెస్ 1977 నుంచి న్యూయార్క్ పారిశుద్ధ్య శాఖలో జీతం లేని ఆస్థాన కళాకారిణి. 1979, 80లలో నగరమంతా తిరిగి 8,500 మంది పారిశుద్ధ్య కార్మికుల చేతులు పట్టుకుని, నగరాన్ని బతికిస్తున్నందుకు ఒక్కొక్కరికీ కృతజ్ఞతలు చెప్పారు. అదే ఆవిడ కళాకృతి. ఆవిడ జీవితకాలపు పనినంతా ఒకచోట చేర్చి 2016లో పెద్ద ప్రదర్శన పెట్టింది ఈ మ్యూజియమే.

• గోడలు దాటి వీధిలోకి వెళ్లింది కూడా ఈ మ్యూజియం. క్యూబా కళాకారిణి తానియా బ్రుగేరా 2011లో పక్కనున్న కొరోనా పేటలో, రైలు వంతెన సాగే రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద, మ్యూజియం సాయంతో ఒక కేంద్రం తెరిచారు. అంతకుముందు అది సౌందర్య సామగ్రి అమ్మే కొట్టు. అక్కడ వలస వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ పాఠాలు చెప్పారు, న్యాయ సలహాలు ఇప్పించారు. బొమ్మలు గీయించడానికి, చర్చలు పెట్టడానికి ముందు పొరుగువాళ్లకు ఏం కావాలో అడిగారు. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. క్వీన్స్ లైబ్రరీతో కలిసి మ్యూజియం నడిపిన ఉచిత కళా తరగతులు కూడా ఇంగ్లిష్ ఒక్కదానిలోనే కాకుండా స్పానిష్, చైనీస్, కొరియన్‌లాంటి భాషల్లో సాగాయి. కొత్త దేశంలో నోరు పెగలని తల్లి తన సొంత భాషలో కెమెరా పట్టడం నేర్చుకోగలిగింది.

• 2020లో కోవిడ్ న్యూయార్క్‌లో ఎక్కువగా కుదిపేసిన పేటల్లో కొరోనా ఒకటి. ఆ పేరు పేటకు ఎప్పటినుంచో ఉన్నదే. వంటవాళ్లు, ఇళ్లు తుడిచేవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు ఉండే చోటు. పనులు పోయి పొయ్యిలు వెలగని రోజులవి. జూన్‌లో మ్యూజియం, లా హోర్నాడా అనే సేవా సంస్థతో కలిసి తన ఆవరణలో వారం వారం కూరగాయలు, సరుకులు పంచడం మొదలుపెట్టింది. బొమ్మల గదుల తలుపులు అప్పటికింకా మూసే ఉన్నాయి.