కాంక్రీటు కూడా ముడుచుకుంటుంది!

రాయిలా గట్టిపడిన కాంక్రీటు కదులుతుందంటే చాలామంది నమ్మరు. మన కామాఠీపురాకు దగ్గరలోనే, జె.జె. ఆసుపత్రి వద్ద మొదలయ్యే ఫ్లైఓవరు ఉంది కదా! 2002లో తెరిచిన ఆ వంతెన మీద టాక్సీలో వెళ్తుంటే, కొంతకొంత దూరానికి చక్రాల కింద ‘టక్‌’మని చప్పుడవుతుంది. అవి వంతెన కదలడానికి ఇంజనీర్లు కావాలని వదిలిన సందులు.

మా మామయ్య పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్ళో నలభై ఏళ్ళు సెంట్రింగు పని చేశారు. “మామా, కాంక్రీటు ఎండకు పగులుతదా, వానకు పగులుతదా?” అని ఓసారి అడిగాను. “ఎండకూ కాదు, వానకూ కాదు బిడ్డా. ముడుచుకునేటప్పుడు కదలనీయక పట్టుకుంటే పగులుతది” అన్నారు. తర్వాత పుస్తకాలు తిరగేస్తే, ఆ ఒక్క మాటలో ఎంత శాస్త్రం ఉందో తెలిసింది.

కాంక్రీటు కలపడానికి పోసే నీళ్ళన్నీ సిమెంటుకు అవసరం లేదు. మిగిలిన నీరు లోపల కంటికి కనబడని సన్నటి రంధ్రాల్లో ఉండిపోతుంది. గాలి పొడిబారినప్పుడు ఆ నీరు ఆరిపోతూ, రంధ్రాల గోడల్ని దగ్గరకు లాగుతుంది. అదే ముడుచుకోవడం. మన దేశపు ప్రమాణాల్లో లెక్కకు తీసుకునే అంచనా ప్రకారం 100 మీటర్లకు ఇది సుమారు 3 సెంటీమీటర్లు. వానాకాలంలో తేమ పీల్చి కాస్త ఉబ్బినా, మొదట తగ్గిన పొడవంతా తిరిగి రాదు. దూలం ఎంత మందంగా ఉంటే అంత నిదానంగా ఆరుతుంది, ఏళ్ళు పడుతుంది.

దీనికి తోడు ఎండా చలీ ఉన్నాయి. 100 మీటర్ల కాంక్రీటు 10 డిగ్రీల వేడికి సుమారు 1 సెంటీమీటరు సాగుతుంది, చల్లబడితే అంతే తగ్గుతుంది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1990ల్లో కట్టిన కమాను రైలు వంతెనను చూడండి. అందులో 28 కమానులు, ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్లు. అంటే పది డిగ్రీల తేడాకు ఒక్కో కమాను దాదాపు ఒక సెంటీమీటరు కదలాలన్నమాట. సముద్రం పక్కనున్న బొంబాయిలో ఎండకూ చలికీ తేడా తక్కువ. మన తెలంగాణ జిల్లాల్లో ఆ తేడా ఎక్కువ. కాంక్రీటుతోపాటు లోపలి ఉక్కు చువ్వ కూడా వేడికి ఇంచుమించు అంతే సాగుతుంది కనుక రెండూ కలిసి కాపురం చేయగలుగుతున్నాయి!

అసలు ప్రమాదం మొదటి గంటల్లోనూ, మొదటి రోజుల్లోనూ ఉంది. ఎండ, వేడిగాలి కలిస్తే పైపొర ముందే ఆరి ముడుచుకుంటుంది. అడుగుభాగం దాన్ని పట్టి ఉంచుతుంది. అప్పుడు సన్నటి బీటలు పుడతాయి. బొంబాయి ఉప్పుగాలి ఆ బీటల్లోంచి చువ్వల దాకా చేరితే తుప్పు తప్పదు. ఉప్పునీటి మీద కట్టడం ఎంత కష్టమో 1973లో తెరిచిన మొదటి వాశీ వంతెన చెబుతుంది. అందులో బిగింపు ఉక్కు తీగలు తుప్పుపట్టడంతో, 1990ల్లో పక్కనే కొత్త వంతెన కట్టవలసి వచ్చింది.

అందుకే మడులు కట్టి, గోనెపట్టాలు కప్పి, కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి. పొడి ఎండల్లోనైతే పది రోజులు. మామయ్య పనిచేసిన ఒకచోట ట్యాంకరు ఖర్చు దండగని మూడో రోజే నీళ్ళు ఆపించారట. స్లాబంతా బీటలు పడింది. పగలగొట్టి మళ్ళీ పోశారు గానీ, తప్పు కూలీల మీదకు నెట్టి ఆ వారం కూలీ ఎగ్గొట్టారు. “నీళ్ళు వద్దన్నది వాళ్ళు, పస్తున్నది మేము” అంటారాయన ఇప్పటికీ.

ఈ పేటకు పేరు తెచ్చిన కామాఠీలు నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయి కట్టడాలకు చెమటోడ్చినవారు. నేటికీ మనవాళ్ళెందరో ఆ పనుల్లోనే ఉన్నారు. సైటు మీద నీళ్ళు కొట్టే పని చిన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు తక్కువ కూలికి అప్పగిస్తారు. కానీ వంతెన ఆయుష్షు సగం వాళ్ళ చేతుల్లోనే ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ఆ పనికి వెళ్తుంటే, ఈ సంగతి వాళ్ళకు తప్పక చెప్పండి. నీళ్ళు ఆపమని ఎవరైనా అంటే, ఎందుకు ఆపకూడదో చెప్పగలిగే ధైర్యం వస్తుంది.